నాన్న రైఫిలు, బిగుసుకున్న బోల్టు: నా అనుభవం

ఏప్రిల్ 27, 2025, ఆదివారం. ఉదయం పదకొండు నలభైకి నాన్న రైఫిలు బోల్టు, అంటే తూటా వెనక తలుపులా మూసుకునే కడ్డీ, నా చేతికి లొంగలేదు. అంతకుముందు మూడు తూటాలు కాల్చాను. మొదటి రెండుసార్లు బోల్టు పిడి రెండు వేళ్లకే లేచింది. మూడోసారి కొంచెం బరువనిపించింది, ఎండకు చేతులు చెమట పట్టి జారుతున్నాయని సరిపెట్టుకున్నాను. నాలుగోది పేలినప్పుడు భుజం మీద దెబ్బ ఎక్కువగా తగిలింది, చప్పుడు కూడా తేడాగా వినిపించింది. పిడి ఎత్తబోతే కదల్లేదు. అరచేతి అంచుతో కింద నుంచి కొట్టి లేపాను. కొట్టకుండా గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి రేంజిలోని శిక్షకుణ్ణి పిలవాల్సింది. ఆ సంగతి ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదు.

మన వైపు తండ్రుల నుంచి, తాతల నుంచి వచ్చిన లైసెన్సు తుపాకులు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. వాటితో పాటు బీరువా అడుగున ఒక పాత తూటాల పెట్టె కూడా ఉంటుంది. ఆ పెట్టె ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మా పొలం నర్సంపేట దాటాక, పాకాల వైపు. నాన్నకు 1980ల్లో .315 రైఫిలుకు లైసెన్సు వచ్చింది. పీపుల్స్‌వార్ రోజుల్లో పల్లెల్లో తుపాకీ ఇంట్లో ఉంచుకోవడమే ప్రమాదం కాబట్టి అది ఏళ్ల తరబడి స్టేషనులోనే డిపాజిట్‌లో ఉంది. తర్వాత కూడా ప్రతి ఎన్నికలకూ అక్కడికి వెళ్లి వచ్చేది. నాన్న దానితో దేన్నైనా కొట్టగా నేను చూడలేదు. పండుగ ముందు రోజు వరండాలో గోనెపట్టా పరచుకుని తుడిచేవారు, అంతే. నూనె వాసన, ఆయన వేళ్ల మధ్య పాత ధోవతి గుడ్డ, ఇవే నాకు గుర్తు.

2022 ఆగస్టులో నాన్న పోయారు. పన్నెండో రోజు గడిచిన మర్నాడే చిన్నాన్న, నేను రైఫిలును స్టేషనులో అప్పగించి రసీదు తీసుకున్నాం. లైసెన్సుదారు పోయాక తుపాకీ ఇంట్లో ఉండకూడదు. వారసురాలిగా నా పేరు మీదికి మార్చుకోవడం పెద్ద కథే, క్లుప్తంగా చెబుతాను. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అమ్మ సమ్మతి పత్రం, వైద్య పరీక్ష, తుపాకీ వాడకంలో శిక్షణ పత్రం అన్నీ నెలలోపే అయ్యాయి. టెక్సస్‌లో ఉన్న తమ్ముడి సమ్మతి పత్రం హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ పూర్తయి నా చేతికి రావడానికి మాత్రం ఏడు వారాలు పట్టింది. నవంబరులో దరఖాస్తు, జనవరిలో విచారణ. తర్వాత చాలాకాలం కదలిక లేదు. ఈలోగా 2023 నవంబరు 30 నాటి శాసనసభ ఎన్నికలు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో లైసెన్సు పుస్తకం చేతికొచ్చింది. రైఫిలు ఇంటికి తెచ్చుకున్న నెలలోపే లోక్‌సభ ఎన్నికల ప్రకటన వెలువడింది, మళ్లీ డిపాజిట్. జూన్ మూడో వారంలో గానీ అది మా ఇంట్లో కుదురుకోలేదు. నాన్న పోయిన నాటి నుంచి లెక్కేస్తే 22 నెలలు.

ఇంత తిరిగి తెచ్చుకున్నదాన్ని ఒక్కసారైనా పద్ధతిగా, అనుమతి ఉన్న చోట కాల్చి చూడాలనుకున్నాను. హైదరాబాద్ శివారులోని ఒక రేంజిలో పెద్ద బోరు రైఫిళ్లకు నెలలో ఒకటి రెండు రోజులే కేటాయిస్తారు. నా వంతు ఏప్రిల్ 27న వచ్చింది. లైసెన్సున్న దుకాణంలో 20 కొత్త తూటాలు కొని పుస్తకంలో రాయించాను. బీరువాలోని నాన్న పెట్టెలో 11 పాతవి ఉన్నాయి. వాటినీ వెంట తీసుకెళ్లాను. ఎందుకంటే చెప్పలేను. నాన్న కొన్నవి కదా, ఒకటి రెండైనా నా చేత్తో కాల్చాలనిపించింది.

హనుమకొండ నుంచి తెల్లవారుజామున అయిదున్నరకు బయల్దేరాం. తొమ్మిదిన్నరకు రేంజిలో ఉన్నాం, కానీ నా పేరు పిలిచేసరికి పదకొండు దాటింది. కొత్త తూటాలు నా సంచిలో నీడన ఉన్నాయి. నాన్న ఇనుప పెట్టె మాత్రం బల్ల మీద ఎండలో గంటన్నర ఉండిపోయింది. మూత తీస్తే వేళ్లు చురుక్కుమన్నాయి. నేను చదువు చెప్పేదే రసాయన శాస్త్రం. వేడెక్కిన తుపాకీ మందు వేగంగా మండుతుందని, వేగంగా మండితే గొట్టంలో ఒత్తిడి పెరుగుతుందని పిల్లలకు చెప్పాల్సిన మనిషిని. ఆ పూట అది గుర్తుకే రాలేదు.

"పాతవి ఎందుకమ్మా, కొత్తవి ఉన్నాయి కదా?" అని శిక్షకుడు అడిగారు కూడా. నాన్నగారివని చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. ముందు రెండు కొత్తవి, తర్వాత రెండు పాతవి. ఆ తర్వాత జరిగింది పైనే చెప్పాను.

నాలుగో గుల్ల, అంటే కాల్చాక మిగిలే ఇత్తడి తొడుగు, చేతిలోకి తీసుకుని చూశాను. తూటా వెనక మధ్యలో గుండ్రంగా ఉండేదే ప్రైమర్, పిన్ను కొట్టేది దాన్నే. మామూలుగా దాని అంచు కొంచెం ఒంపు తిరిగి ఉంటుంది, చొక్కా గుండీ అంచులా. దీనికి ఆ ఒంపే లేదు. వేలితో అద్దిన బొట్టులా చదునుగా పరచుకుపోయి గుంటను అంచుదాకా నింపేసింది. చుట్టూ సన్నగా నల్లటి మసి, అంటే వేడి వాయువు వెనక్కి కారింది. పిన్ను కొట్టిన సొట్ట చుట్టూ లోహం గట్టులా పైకి లేచింది. గుల్ల అడుగు నుంచి ఓ సెంటీమీటరు పైన ఇత్తడి మీద వెండి దారం చుట్టినట్టు మెరిసే గీత ఉంది.

శిక్షకుడు కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇక చాలమ్మా, రైఫిలు కింద పెట్టండి" అన్నారు. "ఇంకొక్కటి కాల్చి చూస్తాను, అదీ ఇలాగే ఉంటే ఆపేస్తాను" అన్నాను. నిజంగానే అన్నాను. అంత దూరం నుంచి వచ్చాను, రేంజి రుసుము 1,500 కట్టాను, మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆయన నా చేతిలోంచి పెట్టె తీసుకుని మూత వేసేశారు. "తుపాకీ ఒకసారి చెప్పింది. ప్రతిసారీ రెండోసారి చెబుతుందని లేదు" అన్నారు. నాకు కోపం వచ్చింది. తిరుగు ప్రయాణంలో భువనగిరి దాటేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

తమ్ముడు టెక్సస్‌లో జింకల వేట కాలానికి తన రైఫిలు తూటాలు తానే నింపుకుంటాడు. అక్కడ అది చట్టబద్ధమే. నేను ఫొటోలు పంపేసరికి వాళ్లకు అర్ధరాత్రి దాటింది. రాత్రి ఎనిమిదికి, వాళ్లకు పొద్దున్న, వీడియోలో ఫోను చేశాడు. హలో కూడా అనలేదు.

"అక్కా, ఆ పెట్టెలోవి ఒక్కటి కూడా కాల్చవద్దు. ముందు మాట ఇవ్వు."

ఇచ్చాను. తర్వాత నాలుగు గుల్లల్నీ కాల్చిన వరుసలో తెల్ల గుడ్డ మీద పెట్టించి ఒక్కొక్కటీ కెమెరా ముందు తిప్పించాడు. ఏది ఎన్నోదో కాల్చిన వెంటనే స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకోవాలట. నా అదృష్టం, నాలుగే కాబట్టి పోల్చుకోగలిగాను. గంటన్నర మాట్లాడాడు. అందులో నాకు కొత్తగా తెలిసినవి, నేను తప్పుగా అనుకున్నవి రాస్తాను.

ప్రైమర్ చదునైతే ఒత్తిడి ఎక్కువైనట్టేనని అనుకున్నాను. అంత సూటి లెక్క కాదట. కొన్ని రకాల ప్రైమర్లు మెత్తనివి, మామూలు ఒత్తిడికే చదునవుతాయి. ఛాంబర్‌లో, అంటే గొట్టంలో తూటా కూర్చునే అరలో, తూటా వెనక ఖాళీ ఎక్కువగా ఉన్నా, ప్రైమర్ మొదట వెనక్కి జరిగి, తర్వాత గుల్ల వెనక్కి వచ్చి దాన్ని నొక్కడంతో చదునవుతుంది. అందుకే ఒక్క గుర్తును చూసి తీర్పు చెప్పకూడదు. అయితే బోల్టు బరువుగా లేవడం, ప్రైమర్ చదునవడం, మసి కారడం, దెబ్బ గట్టిగా తగలడం ఒకే తూటాకు కలిసొస్తే ఇక వాదనే లేదు. నాది అదే.

"మరి మూడోదానికి ప్రైమర్ బాగానే ఉంది కదా, అది మంచిదేనా?" అని అడిగాను. కాసేపు తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది విని నాకు ఒళ్లు జలదరించింది. వాడి వేట రైఫిలు వాడే థర్టీ ఆట్ సిక్స్ రకం తూటాకు గరిష్ఠ ఒత్తిడి హద్దు 60,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). నాన్న .315 తూటా 1890ల నాటి ఆస్ట్రియా సైన్యపు తూటాకు వారసురాలు, దాని హద్దు అంతకు చాలా తక్కువ. ప్రైమర్లు మాత్రం రెంటికీ దాదాపు ఒకే గట్టిదనంతో ఉంటాయి. అంటే ప్రైమర్ మీద గుర్తు పడేసరికే పాత రైఫిలు తన హద్దును ఎప్పుడో దాటేసి ఉండవచ్చు. గుర్తులు కలిసి కనపడితే ప్రమాదం ఖాయం. కనపడకపోతే మాత్రం క్షేమమని అర్థం కాదు. మూడోసారి పిడి కాస్త బరువనిపించిందే, అదే నాకు అందిన హెచ్చరిక. దాన్ని చెమట ఖాతాలో వేశాను.

ఇంకో తేడా కూడా చెప్పాడు. వాళ్ల రైఫిళ్లలో ఒత్తిడి మించితే గుల్ల అడుగున ఎజెక్టరు (గుల్లను బయటికి నెట్టే భాగం) ముద్ర మెరుస్తూ పడుతుంది, వాళ్లు మొదట చూసేది దాన్నే. నాన్నది లీ ఎన్‌ఫీల్డ్ తరహా. అందులో ఆ స్ప్రింగు ఎజెక్టరే లేదు, కాబట్టి ముద్ర కోసం వెతికి లాభం లేదు. పైగా దాని బోల్టుకు తాళం పడే పళ్లు వెనక వైపు ఉంటాయి. పేలినప్పుడు బోల్టు కొద్దిగా నొక్కుకుపోయి గుల్ల సాగుతుంది. మెరిసే గీత ఆ సాగిన చోటు. ఒక పేపరు క్లిప్పును నిటారు చేసి, కొసను కొద్దిగా వంచి, కాల్చిన గుల్ల లోపలి గోడ మీదుగా పైకి గీయమన్నాడు. కొత్త గుల్లల్లో నున్నగా జారింది. నాలుగో గుల్లలో సరిగ్గా ఆ గీత ఉన్న చోట క్లిప్పు కొస గాడిలో పడి ఆగింది. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ అక్కడే ఆగింది. లోపలి నుంచి ఇత్తడి పలచబడిపోయింది. ఇంకొక్కసారి పేలితే గుల్ల అక్కడ రెండుగా తెగేదేమో.

మర్నాడు మా కాలేజీ భౌతికశాస్త్ర ప్రయోగశాల నుంచి స్క్రూ గేజి అడిగి తెచ్చాను. గుల్లల అడుగు కొలిస్తే కొత్తదానికీ నాలుగోదానికీ 0.06 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. గొప్పగా తమ్ముడికి పంపాను. "అది లెక్కలోకి రాదక్కా. ఒకే గుల్లను కాల్చక ముందు, కాల్చిన తర్వాత కొలిస్తేనే అర్థం ఉంటుంది. వేర్వేరు గుల్లలు పుట్టుకతోనే వేరుగా ఉంటాయి" అన్నాడు. కొలత ఎంత సన్నగా ఉన్నా పోల్చేది సరైనది కాకపోతే అంకె వట్టిదే. ఈ మాట ఇప్పుడు మా పిల్లలకు చెబుతున్నాను.

అసలు సంగతి మంగళవారం రాత్రి బయటపడింది. మిగిలిన తొమ్మిది తూటాల్ని విప్పకుండా, పొడవకుండా, భూతద్దంతో చూశాను. మూడింటి మెడ దగ్గర పచ్చటి చిలుము. అది ఊహించిందే. నాలుగింటి ప్రైమర్ల రంగు మాత్రం వేరు. మిగతావాటికి, నేను కొన్న కొత్తవాటికి ప్రైమర్ చుట్టూ సన్నటి లక్క గీత ఉంది, ఈ నాలుగింటికి లేదు. మెడ మీద నిలువుగా గీతలు ఉన్నాయి, ఏదో పనిముట్టులోకి దూర్చి లాగినట్టు. రెండింటిలో బుల్లెట్ మిగతావాటికంటే లోపలికి దిగి ఉంది. తమ్ముడు ఫొటో చూసిన వెంటనే చెప్పాడు, ఇవి ఒకసారి కాల్చిన గుల్లల్లో ఎవరో మళ్లీ మందు నింపినవని.

చిన్నాన్నను అడిగాను. ఆయన చాలాసేపు చేతికర్రతో నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నారు. తర్వాత చెప్పారు, తూటాలు దొరకని రోజుల్లో సంతకు వచ్చే ఒకతను ఖాళీ గుల్లలు తీసుకెళ్లి నింపి తెచ్చేవాడని, నాన్న ఒకసారి కొన్ని చేయించారని. "అప్పట్లో అందరూ చేయించేవారమ్మా" అన్నారు. తుపాకీ ఎదురుగా ఉంటే మమ్మల్ని ఆ గదిలోకి కూడా రానివ్వని నాన్న! ఏ మందు పోశాడో, ఎంత పోశాడో తెలియని తూటాలు నా బిడ్డలు తిరిగే ఇంట్లో ముప్పై ఏళ్లు ఉన్నాయి. ఆ రాత్రి కంటికి కునుకు లేదు. నాన్న మీద కోపం కాదు. ఆయన కూడా వాటిలో కొన్ని కాల్చే ఉంటారు కదా, ఆ తలపు.

తమ్ముడు తన గదిలో పని చేసే తీరు గుర్తొచ్చింది. పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠానికి పది శాతం తక్కువతో మొదలుపెడతాడు. ప్రతి తూటాకూ మందు తూకం వేస్తాడు, కొద్దికొద్దిగా పెంచుతూ ప్రతి మెట్టులోనూ గుల్లలు చూస్తాడు, బుల్లెట్ వేగం యంత్రంతో కొలుస్తాడు. పని జరిగేటప్పుడు ఫోను కూడా ఎత్తడు. మందు కొంచెం పెరిగితే ఒత్తిడి కొంచెమే పెరగదు. గరిష్ఠం దగ్గరపడేకొద్దీ అది లంఘించుకుంటూ పోతుంది. పైగా మందులోని నైట్రోసెల్యులోజ్ ఏళ్లు గడిచేకొద్దీ విడిపోతూ ఆమ్ల వాయువులు వదులుతుంది. వాటిని పట్టి ఉంచే స్టెబిలైజర్ అయిపోయాక ఆ మందు ఎలా మండుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో తూటాలు నింపడం నేరం. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షను ప్రకారం తయారీకి వేరే లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. అది తెలిశాక భయం ఇంకా పెరిగింది, ఎందుకంటే ఆ తూటాలు ఇప్పుడు నా బీరువాలో ఉన్నాయి. చెరువులో పారేయమని ఇద్దరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. న్యాయవాదిని కలిశాను, 2,000 రుసుము. జరిగింది జరిగినట్టు రాసి తొమ్మిదింటినీ అప్పగించమన్నారు. మే 2న స్టేషనుకు వెళ్లాను. వెళ్లే ముందు తెలియక చేయబోయిన తప్పొకటి ఉంది: వాటిని జేబులో వేసుకుని వెళ్లబోయాను. ముందు ఫోను చేసి చెప్పి, ఎలా తేవాలో అడిగి, విడివిడిగా గుడ్డలో చుట్టి, ఎండ తగలకుండా తీసుకెళ్లాను. మూడు గంటలు కూర్చున్నాను. నాన్న పాత పుస్తకంలోని కొనుగోళ్లతో లెక్క సరిచూశారు, పంచనామా రాశారు, నా వాంగ్మూలం తీసుకున్నారు. నాలుగు రోజుల తర్వాత సంతకానికి మళ్లీ పిలిచారు. రసీదు చేతికొచ్చాక బయట వేపచెట్టు కింద కూర్చుని ఏడ్చాను.

మే 12న రైఫిలును హైదరాబాద్‌లో లైసెన్సున్న తుపాకీ మేస్త్రి దగ్గర ఇచ్చాను. ఎక్కువ ఒత్తిడితో ఒక్క తూటా పేలినా పరీక్ష చేయించకుండా మళ్లీ వాడకూడదు. వారం అన్నారు, ఇరవై నాలుగు రోజులైంది. ఆయన గొట్టంలోకి బిగువుగా గుడ్డ కట్టిన కడ్డీని నెమ్మదిగా తోస్తూ, ఎక్కడైనా వదులు తగులుతుందేమో చూశారు. ఉబ్బు ఉంటే అక్కడ చేతికి తెలుస్తుందట. నా చేత కూడా తోయించారు, చివరిదాకా ఒకే బిగువు. బోల్టు పళ్ల దగ్గర పగుళ్లు లేవు. గేజి పెట్టి చూస్తే తూటా వెనక ఖాళీ హద్దులోనే ఉంది. ఛాంబర్‌లో మాత్రం ఎన్నో ఏళ్ల గ్రీజు ఎండి పొరకట్టింది. నేను బయల్దేరే ముందు రోజు దాని మీద ఇంకాస్త నూనె పూశాను, నాన్న చేసినట్టే. ఛాంబర్ గోడను ఇత్తడి పట్టుకోవాలి, నూనె ఉంటే గుల్ల జారి బోల్టు మీద భారమంతా మోపుతుంది. దాచేటప్పుడు నూనె సరే, కాల్చే ముందు ఛాంబర్ పొడిగా తుడవాల్సిందే. ఆయన తీసుకున్నది 5,200. ఆ నూనె మాట ఒక్కటే ఆ డబ్బుకు సరిపోతుంది.

జూన్ 29, ఆదివారం, మబ్బు పట్టిన రోజు. అదే రేంజి, అదే శిక్షకుడు. కొత్త తూటాలు అయిదు. కాల్చే ముందు ప్రతిసారీ బోల్టు తెరిచి వెనక నుంచి గొట్టంలోకి చూశాను. చప్పుడు సన్నగా 'తుస్సు'మంటే గుండు లోపలే చిక్కుకుని ఉంటుందని, దాని వెనక ఇంకోటి కాల్చితే గొట్టం పగులుతుందని, ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే బోల్టు తెరవకుండా లక్ష్యం వైపే పట్టుకుని ఆగాలని ఆయన మళ్లీ చెప్పించారు, నా నోటితో. మొదటిది పేలాక చేయి వణికింది. పిడి మీద రెండు వేళ్లు పెట్టాను. లేచింది. అయిదుసార్లూ అలాగే లేచింది. గుల్లల మీద 1 నుంచి 5 దాకా రాసి తెల్ల గుడ్డ మీద పేర్చాను. ప్రైమర్ల అంచు గుండీలా ఒంపు తిరిగి ఉంది, మసి లేదు, గీత లేదు.

నాన్న తుడిచిన తేదీలు రాసుకునే చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టె కిందే దొరికింది. ఆయన చివరి తేదీ కింద ఒక గీత గీసి, అయిదు తూటాలకు అయిదు వరుసలు రాశాను: ఎండ ఎంత, పిడి ఎలా లేచింది, ప్రైమర్ ఎలా ఉంది. చివరి వరుసలో మిగిలిన తూటాలు 13 అని రాశాను. ఇంటికొచ్చాక, తుపాకీ పేరెత్తితే ముఖం తిప్పుకునే అమ్మ గుమ్మంలోనే ఆపి అడిగింది, "పిడి తేలికగా లేచిందా?" అని.